సూదుల అక్క, సిద్ధాంతాల తమ్ముడు

వెస్ట్ మాంబళం, చెన్నై
ఆదివారం సాయంత్రం

ఒరే మామా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. బద్ధకమే, సాకులు చెప్పను. చెల్లెమ్మ ఐవీఎఫ్‌కి, అదే ల్యాబులో పిండం చేసి కడుపులో పెట్టే వైద్యానికి, సిద్ధమవుతోందనీ, మా ఆవిడ చేత ఆక్యుపంక్చర్ సూదులు పెట్టిస్తే కలిసొస్తుందా అనీ అడిగావు. నేను చెప్పేదేముంది, ఆవిడనే అడిగాను. "పిల్లలు పుడతారని మాత్రం నేను మాటివ్వను" అంది.

తను మొదట ఫిజియోథెరపీ కదా. ఆస్పత్రిలో ఎనిమిదేళ్లు నడుములూ మోకాళ్లూ చూసింది. నొప్పులకు పనికొస్తుందని ఆక్యుపంక్చర్ నేర్చుకుంది. ఒకసారి నడుం నొప్పికి వచ్చిన నెల్లూరు అమ్మాయి, "ఎల్లుండి పిండం ట్రాన్స్‌ఫర్ అక్కా, కడుపులో పెడతారు, గుండె దడగా ఉంది, దానికేమైనా సూది ఉందా?" అందట. అదీ మొదలు. ఆ అమ్మాయి ఇంకో ఇద్దరికి చెప్పింది, వాళ్లు మరో నలుగురికి. ఇప్పుడు మా ముందుగది బెంచీ మీద సగం మంది పిల్లల కోసం మందులు వాడుతున్నవాళ్లే.

2002లో జర్మనీలో 160 మంది మీద ఒక పరిశోధన జరిగింది. పిండం పెట్టే ముందూ తర్వాతా సూదులు పెట్టినవాళ్లలో 42.5 శాతానికి గర్భం నిలిచింది, పెట్టనివాళ్లలో 26.3 శాతానికే. ఈ వైద్యానికి ఊపు తెచ్చింది అదే. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మీద చేస్తే కథ మారిపోయింది. అసలు సూదులు పెట్టినవాళ్లలో 18.3 శాతానికి బిడ్డ పుడితే, ఉత్తుత్తి సూదులవాళ్లలో 17.8. తేడా లేనట్టే! మా ఆవిడ ఈ రెండో కాగితాన్నే ప్రింటు తీసి బల్ల అద్దం కింద పెట్టింది. మన సరుకు మీద మనమే మన్ను పోసుకుంటామా అని గోల చేశాను. "చదివాక కూడా పడుకుంటామన్నవాళ్లకే పెడతాను. ఆ అరగంట ఫోను మోగదు, అత్తగారు విశేషమేంటని అడగరు. టెన్షన్ కాస్త తగ్గుతుంది, అంతే" అంది.

పని చేస్తుంటే చూడాలిరా. చీలమండ లోపలి ఎముక మీద నాలుగు వేళ్లు ఆనించి కొలుస్తుంది. సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఆ చోట నిలబెట్టి, పైనుంచి వేలితో టక్కున తడుతుంది. వెంట్రుకంత సూది, పడుకున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం అక్కడ ముట్టుకోదు. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ చిల్లర లెక్కపెట్టినట్టు లెక్క. ఒక రాత్రి పన్నెండుకి పదకొండే తేలాయి. గంటసేపు టార్చితో వెతికితే చివరికి నా మేజోడులో దొరికింది. ఎలా దొరికిందో అడక్కు, ఇంకా కుంటుతున్నాను.

ఇక మా బావమరిది. మా పెళ్లిలో నీ చెప్పులు దాచాడే, వాడు. మూడేళ్లు స్టార్టప్ నడిపి, మా అత్తగారి గొలుసుతో సహా ముంచి, ఇప్పుడు ఆంట్రప్రెన్యూర్‌షిప్ మీద, అంటే కొత్త వ్యాపారాలు పెట్టే తీరు మీద, పీహెచ్‌డీ చేస్తున్నాడు. నవ్వితే, "మునిగినవాడికే లోతు తెలుస్తుంది బావా" అన్నాడు. సారస్ సరస్వతి అని ఒకావిడ ఉన్నారట, నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ శిష్యురాలు. పెద్ద కంపెనీలు కట్టిన 27 మందికి ఒక ఊహా వ్యాపారం ఇచ్చి, ఆలోచనలన్నీ పైకి చెబుతూ నడపమన్నారు. 2001లో అచ్చయిన ఆవిడ సిద్ధాంతం సారమేమిటంటే, ఆరితేరినవాళ్లు ముందే ఒక లక్ష్యం పెట్టుకుని దానికేం కావాలా అని వెతకరు. చేతిలో ఏముంది, నాకెవరు తెలుసు, పోతే ఎంతవరకు తట్టుకుంటాను అని మొదలుపెడతారు.

వీడు అక్క మీద ప్రయోగం చేశాడు. "ఆస్పత్రి ఎందుకు వదిలావో మనసులో అనుకున్నదంతా పైకి చెప్పక్కా" అని ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాడు. "ఉన్న గది, ఉన్న మంచం. పోతే సూదుల డబ్బులు పోతాయి... ఏమండీ, పాలు పొంగుతున్నాయి చూడండి!" అదంతా రికార్డయింది. తర్వాత వీడు సిద్ధాంతం చెబితే, "ఇంట్లో ఉన్న కూరలతో వంట చేయడమేగా, దీనికి పీహెచ్‌డీ ఎందుకురా?" అంది. వాడి మొహం చూడాలి! ఆ సరస్వతిగారి వ్యాసంలో ఉదాహరణ కూడా వంటదేనట.

చెల్లెమ్మ వస్తానంటే ముందు తన డాక్టరమ్మని అడగమను. ఆ చీటీ లేనిదే మా ఆవిడ మంచం ఎక్కనివ్వదు. ట్రాన్స్‌ఫర్ తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి. పినాకినిలో వస్తే మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు, నేనొస్తాను. నువ్వూ రారా. చెప్పులు మాత్రం జాగ్రత్త, వాడు ఇక్కడే ఉంటున్నాడు.

నీ
మామ