సగం జీతం అద్దెకే పోతే ఎలా?

సంపాదకులకు,

ఇళ్ల ధరలు పెరిగాయంటే అందరూ కొనేవాళ్ల గురించే మాట్లాడతారు. అద్దెకుండే కొత్త జంటల టెన్షన్ ఎవరికీ పట్టదు. ఇంటి ఖర్చు ఆదాయంలో 30 శాతం దాటితే భారమేనని ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం చెబుతుంది. చిన్న ఉద్యోగాలు చేసుకునే ఎందరికో సగం జీతం అద్దెకే చాలదు. వాళ్లు డౌన్ పేమెంట్ కూడబెట్టేలోపు ధర ఇంకా పైకి పోతుంది.

లోన్ దొరికినా నిశ్చింత లేదు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే చివరికి కట్టేది అసలుకు రెట్టింపు పైమాటే. మొదటి ఏళ్లలో వాయిదా సొమ్ములో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. ఆ రోజుల్లోనే పిల్లలు పుడతారు, ఖర్చులు మీద పడతాయి. వడ్డీ రాయితీ మంచిదే కానీ, ఇళ్లే తక్కువున్న చోట అది ధరలో కలిసిపోయి అమ్మేవాడికే చేరుతుంది.

అందుకే ప్రభుత్వాలు తామే కట్టి, అందుబాటు అద్దెకు ఇవ్వాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరం ఈ పని 1920ల్లోనే పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. నేటికీ అక్కడ దాదాపు సగం మంది నగరపాలక సంస్థ ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటున్నారు. కట్టే ఇళ్లు మాత్రం పని దొరికే చోటికి, బస్సు వచ్చే దారికి దగ్గరగా ఉండాలి. ఊరవతల కట్టి తాళాలు చేతిలో పెడితే, అద్దెలో మిగిలింది ప్రయాణానికే సరిపోతుంది.

- ఒక పాఠకురాలు