రిబ్బన్ కట్ చేశాక ఆ ల్యాబ్‌కి ఏమవుతుందో చూడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశాను. ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. యూనివర్సిటీ పేరు గానీ, కాలేజీ పేరు గానీ ఇందులో రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్క చోట ఏదో సర్దేసి, మిగతావన్నీ బాగానే ఉన్నాయని అనుకుంటారేమోనని నా భయం. నేను చెప్పబోయేవి చాలా చోట్ల స్కాలర్లు రోజూ పడుతున్న ఇబ్బందులే.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. కొత్త భవనం, కొత్త మిషన్ ఈ ఏడాది ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఉన్న మిషన్లు ఆగకుండా నడవడానికి ఏటా కొంత డబ్బు ఇప్పించండి. ఫెలోషిప్ లేని స్కాలర్లు చెప్పే ప్రాక్టికల్ క్లాసులకు జీతం ఇప్పించండి. ఈ రెండూ ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి.

మా గైడ్ గారు నాకు మొదట ఇచ్చిన పని హైడ్రోజెల్స్, అంటే నీళ్లు పీల్చుకుని ఉబ్బే పాలిమర్లు. చిన్న అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులైతే దాన్ని పాలిమర్ అంటాం. అక్రిలమైడ్ అనే తెల్లటి పొడిని నీళ్లలో కరిగించి, గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేయడానికి ఇంకో పదార్థం కొద్దిగా కలిపి, రియాక్షన్ మొదలుపెట్టే అమ్మోనియం పర్‌సల్ఫేట్ వేసి, చివర్లో దాన్ని వేగం చేసే టెమెడ్ రెండు చుక్కలు వేస్తాం. కాసేపటికి టెస్ట్‌ట్యూబ్ చేతికి గోరువెచ్చగా తగులుతుంది. తలకిందులు చేస్తే లోపలిది కిందకి జారదు. పాలిమర్ తయారైనట్టు లెక్క. దాన్ని బిళ్లలుగా కోసి ఆరబెడితే గోరంత పెచ్చులవుతాయి. మళ్లీ నీళ్లలో వేస్తే సగ్గుబియ్యం నానినట్టు ఉబ్బుతాయి. గంట గంటకీ ఆ బిళ్లని తీసి, ఫిల్టర్ పేపర్‌తో పైతడి అద్ది, తూకం వేసి, నోట్‌బుక్‌లో రాయాలి. మొదటి ఏడాది నేను చేసిందంతా దాదాపు ఇదే. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని హాస్టల్ నుంచి ల్యాబ్‌కి నడిచి వెళ్లిన రోజులున్నాయి.

ఈ బిళ్లలతో ఏం లాభమని మా నాన్న అడిగేవారు. అక్రిలిక్ ఆమ్లం కూడా కలిపి చేస్తే ఆ జెల్ కడుపులోని ఆమ్లంలో ముడుచుకుని ఉంటుంది, పేగుల్లోకి వెళ్లాక ఉబ్బుతుంది. అందులో మందు ఇరికించి పంపితే కడుపులో పాడవకుండా పేగుల్లో మెల్లగా బయటికి వస్తుంది. ఆయనకి ఇలా చెప్పగలిగిన రోజు నా పని నాకే బాగా అర్థమైంది.

తర్వాత మందు బదులు ప్రోటీన్ పెట్టి చూద్దామన్నారు గైడ్ గారు. బయటికి వచ్చిన ప్రోటీన్ చెక్కుచెదరకుండా వచ్చిందా, ముక్కలైందా తేల్చుకోవాలి. దానికోసం బయోకెమిస్ట్రీ వాళ్ల ల్యాబ్‌కి వెళ్లాను. అక్కడి అక్కయ్య అల్మరా తెరిచి తీసిన మొదటి డబ్బా అక్రిలమైడ్! నేను ఏడాదిగా కలుపుతున్న అదే పొడి. రెండు గాజు పలకల మధ్య అదే జెల్ పోసి, పైన ప్రోటీన్ వేసి, కరెంటు పెట్టింది. జెల్ జల్లెడలా పనిచేస్తుంది. చిన్న అణువులు త్వరగా దిగుతాయి, పెద్దవి వెనకబడతాయి. రంగు వేసి కడిగాక నీలం గీతలు తేలాయి. పాలిమర్లు ఒక సబ్జెక్టు, ప్రోటీన్ల లాంటి ఒంట్లోని అణువులు ఇంకో సబ్జెక్టు అని అప్పటిదాకా నేను అనుకున్న అడ్డుగోడ ఆ సాయంత్రంతో పోయింది.

నిజానికి ఈ రెండింటినీ ఎప్పుడో కలిపేశారు. 1963లో అమెరికాలో బ్రూస్ మెరిఫీల్డ్ పాలిస్టైరీన్ పూసల మీద అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా అతికిస్తూ పెప్టైడ్‌ను, అంటే చిన్నపాటి ప్రోటీన్ గొలుసును, పెంచే పద్ధతి చూపించాడు. ఒక చివర పూసకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ప్రతి మెట్టులో మిగిలిపోయిన చెత్తని కడిగేస్తే చాలు. 1984లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇప్పుడు పెప్టైడ్ మందులు తయారుచేయడంలో ముఖ్యమైన పద్ధతి అదే. ఇంత మందుల పరిశ్రమ మన రెండు రాష్ట్రాల్లో ఉన్నప్పుడు, పాలిమర్ తెలిసి ప్రోటీన్ కూడా తెలిసిన పిల్లలు మనకి ఎంతమంది అవసరమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి వాళ్లు తయారు కావాల్సిన ల్యాబ్‌లో ఏం జరుగుతోందో వినండి.

మా విభాగంలో ఒక ఎన్ఎంఆర్ మిషన్ ఉండేది. అణువు లోపల ఏ పరమాణువు దేని పక్కన ఉందో చెప్పే మిషన్ అది. నేను చేరకముందే పెద్దలొచ్చి ప్రారంభించారు, ఆ ఫొటో కారిడార్‌లో ఉంది. దాని గుండెకాయ సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం. అది ఎప్పుడూ ద్రవ హీలియంలో, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో మునిగి ఉండాలి. చుట్టూ ద్రవ నైట్రోజన్. వారం పది రోజులకోసారి నైట్రోజన్ పోయాలి, కొన్ని నెలలకోసారి హీలియం పోయాలి. మిషన్ వాడినా వాడకపోయినా పోయాల్సిందే. పసిబిడ్డకి పాలు పట్టినట్టు వేళ తప్పకూడదు.

నా రెండో ఏట హీలియం కొనే ఫైలు పైకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. పాత బిల్లు చెల్లిస్తేనే సిలిండర్ పంపుతామని సప్లయర్ అన్నాడు. ఆడిట్ అభ్యంతరం తీరితే గానీ పాత బిల్లు పాస్ కాదని ఆఫీసులో అన్నారు. టెక్నీషియన్ అన్న ప్రతి ఉదయం హీలియం మట్టం చూసి బోర్డు మీద రాసేవాడు. ఆ అంకె రోజూ తగ్గుతుంటే అందరికీ టెన్షన్. చివరికి ఒక శనివారం మధ్యాహ్నం గదిలోంచి పెద్ద బుస వినిపించింది. మేం పరుగెత్తుకెళ్లేసరికి తెల్లటి ఆవిరి కప్పేసి ఉంది. ఉన్న హీలియమంతా కొన్ని నిమిషాల్లో గాలిలో కలిసిపోయింది. అయస్కాంతం చచ్చిపోయింది. మళ్లీ లేపాలంటే కంపెనీ ఇంజినీరు రావాలి, మామూలుగా పోసేదానికి ఎన్నో రెట్లు హీలియం కావాలి. నేను థీసిస్ ఇచ్చి బయటికొచ్చే నాటికి కూడా అది లేవలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లూ మా శాంపిళ్లు చిన్న గాజు సీసాల్లో కొరియర్‌లో వేరే ఊళ్లకి వెళ్లాయి. ఒక్కో శాంపిల్‌కి ఇంతని ఫీజు కట్టాలి. ఒకసారి నేను కొత్తగా ఒక క్రాస్‌లింకర్ (గొలుసుల్ని ముడివేసే పదార్థం) తయారుచేసి పంపాను. రిపోర్టు ఐదు వారాలకి వచ్చింది. చూస్తే నేను అనుకున్న పదార్థమే కాదు, రియాక్షన్ సగంలోనే ఆగిపోయింది. ఈలోగా దాంతోనే పదకొండు జెల్స్ చేసి, ఉబ్బడాలన్నీ కొలిచి, గ్రాఫులు గీసుకుని కూర్చున్నాను. అన్నీ పారేశాను. మిషన్ మా దగ్గర నడుస్తూ ఉంటే ఆ సంగతి అదే రోజు సాయంత్రానికి తెలిసేది. పీహెచ్‌డీ ఆరేళ్లు ఎందుకు పడుతుందని అందరూ అడుగుతారు. ఇందుకే పడుతుంది.

మిషన్లు పంచుకోవడానికి కేంద్రం ఐ-స్టెమ్ పోర్టల్ పెట్టింది. అది మంచి పనే, నేనూ వాడాను. కానీ పక్క ఊరి బావి ఉంది కదా అని ఇంట్లో కుళాయి కట్టేసుకోలేం కదండీ.

ఇక డబ్బు సంగతి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చిన వాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37,000, దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)కి 42,000 అని పెంచారు. సంతోషం. అది కూడా నెలనెలా చేతికి రాదు. మా జూనియర్‌కి ఏడు నెలలు ఆగి వచ్చింది, ఆ ఏడు నెలలూ వాళ్లక్క జీతంతో హాస్టల్ మెస్ బిల్లు కట్టాడు. అయినా వాడికి వస్తుందన్న ధైర్యం ఉంది. మా ల్యాబ్‌లో ఐదుగురిలో ఇద్దరికే ఫెలోషిప్. మిగతా ముగ్గురికీ ఏమీ లేదు, నాతో సహా. సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు చెప్పి నెట్టుకొచ్చాను. ట్యూషన్‌కి వెళ్లే టైముకి రియాక్షన్ ముగిసేలా చూసుకుని ప్రయోగాలు పెట్టుకునేదాన్ని. రాత్రంతా కలియబెట్టాల్సిన ప్రయోగాలు వదిలేసేదాన్ని. ఏ ప్రశ్న మీద పని చేయాలో నా సైన్స్ నిర్ణయించలేదు, నా ట్యూషన్ టైము నిర్ణయించింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అదే సమయంలో మా చేత బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలకి ప్రాక్టికల్స్ చెప్పించేవారు. పోస్టులు ఖాళీగా ఉన్నాయి, రిటైరైన వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు, మరి ల్యాబ్ ఎవరు చూడాలి? మేమే చూశాం. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ప్రతి స్కాలరూ బోధనలో శిక్షణ పొందాలని ఉంది. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్స్, ల్యాబ్ పని అప్పగించవచ్చని కూడా ఉంది. మాకు అప్పగించారు గానీ, శిక్షణ లేదు, రూపాయి లేదు, చేసినట్టు సర్టిఫికెట్ కూడా లేదు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ ఉన్నవాళ్లు కూడా దగ్గర్లోని కాలేజీలకి వెళ్లి పాఠాలు చెప్పాలి. వాళ్లకి మొదటి రెండేళ్లు నెలకి 70,000 అని పెట్టారు. వాళ్ల మీద నాకు అసూయ లేదు. మేం చేసేదీ అదే పని అని మాత్రం గుర్తించమంటున్నాను.

ఎందుకంటే ఆ పని చిన్నది కాదు. నేను పిల్లలకి మొదటి క్లాసులో ఒక డైపర్ కత్తిరించి లోపలి పొడి గ్లాసులో దులిపి నీళ్లు పోస్తాను. క్షణాల్లో గ్లాసు బోర్లించినా చుక్క పడదు. తర్వాత చెంచాడు ఉప్పు వేసి కలిపితే మళ్లీ నీళ్లు ఊరుతాయి. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "మేడం, మామిడి ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీళ్లు ఊరేదీ ఇందుకేనా?" అన్నాడు. ఒక గంట దాని మీదే మాట్లాడుకున్నాం. ఆ రోజు సిలబస్ కదల్లేదు గానీ, ఆస్మాసిస్ వాళ్లలో ఎవరూ ఇక మర్చిపోరు.

ఇంకో రోజు ఫాస్ఫేట్ అంచనా వేసే ప్రయోగం. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రికార్డులో రాసుకుంటారు. ఆ సుబ్బారావు ఎవరని అడిగితే ఒక్కరికీ తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారని, 1925 నాటి పద్ధతి అని, అమెరికాలో అదే ల్యాబ్‌లో కండరాలకి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్‌ని, ఏటీపీని బయటపెట్టారని చెప్పాను. భీమవరం నుంచే వచ్చే అమ్మాయి ఒకతె టెస్ట్‌ట్యూబ్‌లోని నీలిరంగుని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. ఆ రంగుని కొలిచే కలరీమీటర్ మా కాలేజీలో పనిచేయడం లేదు. కంటితోనే పోల్చి అంకెలు రాయించాను.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌కి ముడిసరుకు స్టైరీనే. స్టైరీన్ దానంతటదే పాలిమర్‌గా మారుతుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి మారడం ఇంకా వేగమవుతుంది. అందుకే ట్యాంకుని చల్లగా ఉంచాలి, గొలుసు మొదలవకుండా ఆపే టెర్షియరీ బ్యుటైల్ కాటెకాల్ తగినంత ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. పాలిమర్ పాఠంలో 'ఇన్‌హిబిటర్' అని ఒక్క లైను ఉంటుంది. పరీక్షలో రెండు మార్కులు. రేపు అలాంటి ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్ట్‌లో ట్యాంకుల పక్కన నిలబడేది నా దగ్గర చదివే పిల్లలే. టెస్ట్‌ట్యూబ్ వేడెక్కడం తన చేత్తో ఒక్కసారైనా పట్టుకుని చూసినవాడికి ఆ రెండు మార్కుల లైను అర్థమైనట్టు, బోర్డు మీద చూసి రాసుకున్నవాడికి అర్థం కాదండీ.

అందుకని నా విన్నపం ఇది. ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సైన్స్ విభాగాలకి హీలియం, నైట్రోజన్, మిషన్ల ఏఎంసీ (ఏటా మరమ్మతులు చూసే ఒప్పందం), కెమికల్స్ కోసం విడిగా ఒక పద్దు పెట్టండి. ఆ డబ్బు ఏప్రిల్‌లోనే విభాగానికి చేరాలి, వేరే ఖర్చుకి మళ్లించకూడదు, చిన్న కొనుగోళ్లకి ఫైలు పైకి వెళ్లక్కర్లేకుండా విభాగాధిపతే సంతకం పెట్టగలగాలి. కొత్త మిషన్ మంజూరు చేసేటప్పుడు దాని పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా అదే జీవోలో రాయించండి. టెక్నీషియన్ పోస్టు కూడా దాంతోపాటే ఇవ్వండి, కాంట్రాక్టు అయిపోయి ఆయన వెళ్లిపోతే మిషన్ ఉన్నా లేనట్టే.

ఫెలోషిప్ లేని స్కాలర్లని వారానికి ఒక రోజు దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కి పంపండి. ముందు నెల రోజులు సీనియర్ లెక్చరర్ల దగ్గర శిక్షణ ఇప్పించండి. నెలకి ఇంతని జీతం, బస్సు చార్జీలు ఒకటో తారీఖున అకౌంట్లో వేయించండి. చెప్పిన ఏడాదుల్ని అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎంపికలో అనుభవంగా లెక్కించండి. ఖాళీ పోస్టులకి ఇది బదులని మాత్రం అనుకోవద్దు, ఆ పోస్టులు భర్తీ కావాల్సిందే. గైడ్లు లేక ఈ ఏడాది కొన్ని సబ్జెక్టుల్లో ప్రవేశాలే ఇవ్వలేకపోయారని మా జూనియర్లు చెబుతున్నారు.

ఒక్కసారి ముందుగా చెప్పకుండా ఏదో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగానికి రండి. సెమినార్ హాలుకి కాదు, మధ్యాహ్నం రెండింటికి ప్రాక్టికల్స్ జరిగే గదికి రండి. విషపు ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ స్విచ్ వేసి ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి. అక్రిలమైడ్ నరాలకి హాని చేసే పదార్థం, దాన్ని పిల్లలు ఎక్కడ తూకం వేస్తున్నారో అడగండి. తర్వాత మిషన్ల గదికి వెళ్లి, గోడ మీద బోర్డుంటే, హీలియం మట్టం చివరిసారి ఏ తేదీన రాశారో చూడండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరర్