రిబ్బన్ ఫొటో ఒక్కటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ మన పత్రికల క్రీడాపేజీల్లో రిథమిక్ జిమ్నాస్టిక్స్ ఫొటో ఒకటి పడుతుంది. గాల్లో రిబ్బను, వెనక్కి వంగిన నడుము, కింద ‘కనువిందు’ అని ఓ ముక్క. ఎవరు ఎన్ని మార్కులతో గెలిచారో, ఓడినవాళ్లు ఎక్కడ పోగొట్టుకున్నారో ఉండదు. సిమోన్ బైల్స్ ఆడేదీ ఇదీ ఒకటే అనుకునేవాళ్లూ చాలామందే. ఆమెది ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్. రిథమిక్‌లో వాల్టు, బార్లు, బీము లేవు. 13 మీటర్ల చదరపు కార్పెట్, 75 నుంచి 90 సెకన్ల పాట, చేతిలో ఒక పరికరం. హూప్ (వలయం), బాల్, క్లబ్స్ (చిన్న గదల్లాంటి జత), రిబ్బన్... ఈ నాలుగింటి స్కోర్లూ కలిపితే ఆల్‌రౌండ్.

2016 రియో ఫైనల్ చూడండి. రష్యా అమ్మాయి యానా కుద్రియావ్‌త్సేవా అప్పటికి 2013, 2014, 2015లో వరసగా ప్రపంచ ఆల్‌రౌండ్ చాంపియన్. మొదటిసారి గెలిచేనాటికి వయసు 15. రియోలోనూ హూప్, బాల్ అయ్యేసరికి ఆమే ముందుంది. క్లబ్స్ రొటీన్ (పాటకు చేసే ప్రదర్శన) చివర, పైకి విసిరిన క్లబ్బు చేతికి రావడం, పాట ఆగడం ఒకేసారి జరగాలి. క్లబ్బు నేలమీద పడింది. ఆ రొటీన్‌కు 17.883 వచ్చింది. స్వర్ణం 76.483తో సహచరి మార్గరీటా మామున్‌కు వెళ్లింది. (మామున్ తండ్రి బంగ్లాదేశ్‌వాడు.) యానా 75.608 దగ్గర ఆగిపోయింది.

అంత చిన్న క్లబ్బు ఎందుకు జారుతుంది? పొడవు 40 నుంచి 50 సెంటీమీటర్లు, బరువు కనీసం 150 గ్రాములు. సాహస విన్యాసంగా లెక్కకు రావాలంటే అది గాల్లో ఉండగా కింద అమ్మాయి కనీసం రెండుసార్లు పూర్తిగా తిరగాలి. తిరుగుతున్నంతసేపూ క్లబ్బు కంటికి కనిపించదు. అది ఎక్కడికి, ఎన్ని మెలికలు తిరిగి దిగుతుందో విసిరినప్పుడే తేలిపోతుంది. మణికట్టు కాస్త ముందుగా వదిలినా క్లబ్బు సగం చుట్టు తక్కువ తిరుగుతుంది. సన్నటి కొస రావాల్సిన చోట లావు కొస వచ్చి వేళ్లకు తగిలి ఎగిరిపోతుంది. టీవీలో చూసేవాళ్లకు పట్టుకోవడంలో పొరపాటులా కనిపిస్తుంది గానీ, చాలాసార్లు తప్పు విసరడంలోనే ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటి నిబంధనల ప్రకారం, జారిన పరికరాన్ని నిలబడ్డచోటే అందుకుంటే అర మార్కు కోత. ఒకటి రెండు అడుగులు వేస్తే 0.7. మూడు, ఆపైన అయితే పూర్తిగా ఒక మార్కు. పట్టి ఉంటే ఆ విన్యాసానికి వచ్చే విలువ కూడా పోతుంది.

రిబ్బన్ గొడవలు వేరు. పొడవు 6 మీటర్లు, వెడల్పు 4 నుంచి 6 సెంటీమీటర్లు, బరువు 35 గ్రాములకు తగ్గకూడదు. అంత తేలిక కాబట్టే ఏసీ గాలి పక్కనుంచి కొడితే తోక దారి తప్పుతుంది. గాల్లో చెమ్మ ఉంటే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. ముడి పడిందా, పాట నడుస్తుండగానే విప్పుకోవాలి. అందుకే పోటీకి ముందు ఇస్త్రీ చేసి, చుట్టి, తీసుకెళ్తారు.

అయితే జారినంత మాత్రాన పతకం పోయినట్టు కాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇజ్రాయెల్ క్రీడాకారిణి లినోయ్ అష్రమ్ చివరి రొటీన్‌లో రిబ్బను వదిలేసింది. అయినా 107.800తో స్వర్ణం గెలిచింది. రజతం గెలిచిన రష్యా అమ్మాయి దీనా అవెరినాది 107.650. రష్యా గగ్గోలు పెట్టింది. అష్రమ్ రొటీన్లలో కష్టం పాలు ఎక్కువ, ఆ మార్కులే ఆమెను నిలబెట్టాయి. నాలుగు పరికరాల స్కోర్లూ పక్కపక్కన అచ్చేస్తే పాఠకుడికి ఇదంతా తనంతట తనే అర్థమవుతుంది. రెండు లైన్ల జాగా చాలు.

ఇక కెరీర్ ఎంత పొట్టిదో కూడా రాయండి. ఐదారేళ్లకు మొదలుపెడతారు, 16 నిండే ఏడాది సీనియర్. యానా 2017 ఆరంభంలో, 19 ఏళ్లకే, గాయాలతో ఆట మానేసింది. మామున్ కూడా అదే ఏడాది. 2008, 2012 ఒలింపిక్స్ రెండింటా వ్యక్తిగత స్వర్ణం గెలిచిన ఏకైక క్రీడాకారిణి యెవ్‌గేనియా కనాయేవా సైతం 22కే తప్పుకుంది. ముందుగా అరిగేది నడుము. రోజూ వెనక్కి వంగీ వంగీ కింది వెన్నుపూసల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. ఎప్పుడూ ఒకే కాలు పైకెత్తడం, ఒకే వైపు తిరగడం వల్ల వెన్ను పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది. తల్లిదండ్రులకు ఒక మాట: తిండి తగ్గించి సన్నబడమనే కోచ్ దగ్గర పిల్లను ఉంచకండి. రజస్వల కావడం ఆలస్యమవడం ఈ ఆటలో మామూలే అని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి. నడుమునొప్పి రెండు వారాలు తగ్గకపోయినా అంతే.

హైదరాబాద్ అమ్మాయి మేఘనా రెడ్డి 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో రిబ్బన్ ఫైనల్ ఆడింది. ఒలింపిక్స్ రిథమిక్ విభాగంలో మాత్రం ఇప్పటిదాకా భారతీయులెవరూ ఆడలేదు. మేఘన పేరు విని పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ముందు హాలు పైకప్పు చూడాలి. పెద్ద విసురుగా లెక్కకు రావాలంటే పరికరం అమ్మాయి ఎత్తుకు రెండింతలు దాటాలి. అయిదడుగుల మూడంగుళాల పిల్లకైతే పదిన్నర అడుగులు. బడి గదుల్లో చాలావాటి కప్పే అంత ఎత్తులో ఉంటుంది, ఫ్యాను ఇంకా కిందికి వేలాడుతుంది. అలాంటి గదిలో పిల్ల నేర్చుకునేది పొట్టి విసురే. చేయికి ఒకసారి ఆ కొలత అలవాటైతే పెద్ద హాల్లో పోటీకి వెళ్లినప్పుడు మార్చుకోవడం చాలా కష్టం.

ఇట్లు,
రిథమిక్ జిమ్నాస్టిక్స్ శిక్షకులు, హైదరాబాద్