2025–26 వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో ముందు చెప్పుకోవలసింది వరద వేళ సాయం కోరే ఫోన్లు అందుకునే సమన్వయ కేంద్రం గురించే. 2024 సెప్టెంబరు 1 బుడమేరు వరద ఏ గుమ్మం దాకా వచ్చిందో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. అందుకే కేంద్రాన్ని హాలు కింద కాకుండా మేడమీద పెట్టాం.

కేంద్రానికి ప్రాణం రిజిస్టరే. ఒక్కో ఇంటికి ఒక్కటే వరస నంబరు. ఇంట్లోవాళ్లు, అక్కచెల్లెళ్లు, అమెరికాలో ఉన్న అబ్బాయి విడివిడిగా ఫోన్ చేస్తే అదే ఇంటికి రెండు పడవలు వెళ్తాయి, పక్క వీధికి ఒక్కటీ వెళ్లదు. ఇంటి నంబరు, అంతస్తు, ఎంతమంది, మంచం పట్టినవాళ్లు, గర్భిణులు, డయాలసిస్ తేదీ రాసుకుని అత్యవసర నంబరు 112కో, విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070కో చెప్పాలి. ఎవరికి చెప్పామో, ఎన్ని గంటలకో పక్కనే రాయాలి. ‘పని అయింది’ అన్న గడి మాత్రం ఆ ఇంటికి తిరిగి ఫోన్ చేశాకే నింపాలి. టవర్ల బ్యాటరీలు అయిపోతే వాకీటాకీలే గతి. గదుల్లో సరిగా అందవు కాబట్టి డాబా ఎక్కి మాట్లాడాలి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటేదాకా కేంద్రం తెరిచే ఉంచాం.

వరద వేళ జనాన్ని దించడానికి చేసిన మాక్‌డ్రిల్ మన కాలనీకే గర్వకారణం. అగ్నిమాపక సిబ్బందే మెచ్చుకున్నారు. స్ట్రెచర్ మెట్ల మలుపు తిరగక ఇరుక్కుంది. చేతుల కుర్చీకి రెండు వెదురు గడలు కట్టి దించితే నలుగురు సులువుగా దిగారు. ఆ గడలు ఇప్పుడు ప్రతి బ్లాకు మెట్లకింద ఉన్నాయి. దయచేసి బట్టలు ఆరేయడానికి తీసుకెళ్లకండి.

నీరు తీశాక పని ఇంకా ఎక్కువ. సంపులో బ్లీచింగ్ పొడి నేరుగా గుమ్మరించకూడదు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేటనే పోయాలి; గంట ఆగాకే వాడాలి. పరిహారం సంగతి: 2024లో కింది అంతస్తుకు ₹25,000, పై అంతస్తులకు ₹10,000 ప్రకటించారు. అయినా ఆధార్‌లో పాత చిరునామా ఉన్న అద్దెవాళ్లు, ఆధార్‌తో ముడిపడని ఖాతాలున్నవాళ్లు తిరిగి తిరిగి అలసిపోయారు. ఆధార్, కరెంటు బిల్లు, అద్దె రసీదు, పాస్‌బుక్ నకళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. గోడమీద నీటి గుర్తుకు టేపు పెట్టి ఫొటో తీసాకే సున్నం వేయించండి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, బోర్డుమీద అంటించాం, కోశాధికారిగారి దగ్గర చూసుకోవచ్చు.

డ్రిల్‌కు టిఫిన్లు చేసిన మహిళా సభ్యులకు, జనరేటర్ ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి, రాత్రి కాపలా కాసిన యువకులకు ధన్యవాదాలు. వాట్సాప్‌లో ‘మేమున్నాం’ అని బొటనవేలు చూపి, షిఫ్టు రోజున ఫోన్ కట్టేసిన వారి పేర్లు రాయడం లేదు. కాలువ పూడిక గురించి సంబంధిత కార్యాలయానికి ఇచ్చిన అర్జీలకు రసీదులు దొరికాయి, పొక్లెయిన్ మాత్రం రాలేదు.

జూన్‌కు ముందే రాత్రి షిఫ్టుకు పేర్లు కావాలి. సంతకాల పుస్తకం ఈ సమావేశంలోనే తిప్పుతున్నాం.

— కార్యదర్శి