కోణమానినితో పూలు అమర్చినవాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇకెబానా, అంటే జపాన్‌వాళ్ల పూల అమరిక కళ మీద వచ్చిన వ్యాసం చదివాను. మూడు కొమ్మలు, ఒక పళ్లెం, పది నిమిషాలు, ఆపైన మనశ్శాంతి అని రాశారు. కొమ్మలూ పళ్లెం వరకూ నాకు పేచీ లేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయి, రెండేళ్లుగా జపాన్‌లోని యోకొహామాలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వారానికోసారి ఇకెబానా క్లాసుకి వెళ్తున్నాను. మొదటి ఆరు నెలలూ నాకు దక్కింది టెన్షనే. తప్పు ఇకెబానాది కాదు, నాది.

మా సెన్సెయ్ (గురువుగారు) నేర్పేది సోగెత్సు పద్ధతి, 1927లో తెషిగహారా సోఫు మొదలుపెట్టింది. కొత్తవాళ్లకి మొదటి పాఠమే కొలతలు. పళ్లెం వెడల్పూ లోతూ కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు పొడవుండే కొమ్మ షిన్. అందులో ముప్పావు పొడవుండే రెండో కొమ్మ సోయె. సోయెలో ముప్పావు ఉండే మూడోది హికాయె. నిట్టనిలువు నుంచి షిన్ 15 డిగ్రీలు వాలాలి, సోయె 45, హికాయె 75. లెక్కల మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి? పళ్లెం 30 సెంటీమీటర్లు, లోతు 5, కలిపితే 35, కాబట్టి షిన్ యాభై రెండున్నర. రెండో క్లాసుకి మనవడి కోణమానిని జేబులో వేసుకుని మరీ వెళ్లాను.

నలభై నిమిషాలు పట్టింది. కెన్‌జాన్ అని పళ్లెంలో మేకుల దిమ్మ ఒకటి ఉంటుంది, కాడలు దానికే గుచ్చాలి. లావు కొమ్మని ఏటవాలుగా కోసి, ముందు నిటారుగా దిగేసి, తర్వాత కావలసినంత వాల్చాలి. నేను తెలివిగా మొదటే వాల్చి గుచ్చాను. మూడుసార్లు పడిపోయింది, పక్కావిడ మీద నీళ్లు చిందాయి. చివరికి మూడు కోణాలూ డిగ్రీ తేడా లేకుండా కుదిరాయి. సెన్సెయ్ వచ్చి చూశారు. ఏమీ అనలేదు. పళ్లెం పట్టుకుని పక్కకి తిప్పారు, అంతే.

మూడు కొమ్మలూ ఒకే గీత మీద గోడలా నిలబడి ఉన్నాయి. కోణాలు కొలిచాను గానీ కొమ్మలు మన వైపుకి కూడా వంగాలన్న మాట నా బుర్రకి ఎక్కలేదు. నేను చేసింది నల్లబల్ల మీద బొమ్మ. ఆవిడ షిన్ కొనని నా ముఖం వైపు కాస్త లాగారు. కొలతలో అదే 15 డిగ్రీలు, కానీ పళ్లెం మీద అప్పటిదాకా లేని లోతు వచ్చింది.

ఇక దిద్దుబాటు. మనం అమర్చింది సెన్సెయ్ కళ్లముందే పీకేస్తారు. ముప్పై ఏళ్లు ఎర్ర పెన్ను నా చేతిలో ఉన్నప్పుడు తెలియలేదు గానీ, అవతల కూర్చుంటే గుండె కలుక్కుమంటుంది. కొన్నాళ్లు ఆవిడ రాకముందే ఫొటో తీసుకునేవాణ్ణి, ‘నాది’ అని దాచుకోవడానికి. ఇప్పుడు చూస్తే అవన్నీ అత్తెసరు మార్కులవే.

అన్నిటికంటే కష్టం కత్తిరించడం. ఒక చలికాలం కెమీలియా కొమ్మ ఇచ్చారు. నిండా నిగనిగలాడే ఆకులు. ఒక్కటి తుంచడానికీ చేయి రాలేదు. ఆవిడ చెప్పారు కదా అని రెండు తీశాను. ఆవిడ పదిహేను తీశారు. ఆకుల వెనక కొమ్మకి ఒక మెలిక ఉందని అప్పుడు కనబడింది. ఇకెబానాలో అమర్చేది ఆ మెలికనీ, దాని చుట్టూ మిగిలిన ఖాళీనీ. ఆ ఖాళీని వాళ్లు ‘మ’ అంటారు. పూలు ఎక్కువుంటే అందం ఎక్కువని వెళ్లేవాళ్లకి (నేనూ వాళ్లలో ఒకణ్ణే) ఈ ఏకాక్షరం మింగుడుపడటానికి చాలాకాలం పడుతుంది.

ఇంకో పొరపాటు కూడా చేశాను. ఇంట్లో వీడియోలు చూసి ఒహారా అనే మరో ఇకెబానా పద్ధతిని కలిపేశాను. అక్కడ ప్రధాన కొమ్మల పేర్లే వేరు: షుషి, ఫుకుషి, క్యకుషి. క్లాసులో నేను వాడిన మాట సెన్సెయ్‌కి నవ్వు తెప్పించింది. మొదట్లో ఒక్క పద్ధతినే పట్టుకోవడం మేలు. క్యోటోలో రొక్కకుదో గుడికి చెందిన ఇకెనోబో సెన్కెయ్ పూలు అమరిస్తే జనం పోటీపడి చూశారని 1462 నాటి ఒక బౌద్ధ సన్యాసి దినచర్యలో ఉంది. అంత పాత విద్యని ఆరు క్లాసుల్లో పట్టేయాలనుకున్నాను.

నిజంగా నేర్చుకున్నది క్లాసు అయ్యాక. అమర్చినవి విప్పి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు. ఇంటికొచ్చి మళ్లీ అమర్చాలి. ఇంట్లో గిన్నె చిన్నది, కొమ్మలేమో ముందే కోసినవి, క్లాసులో వేసిన లెక్క పనికిరాదు. కాడని నీళ్లలో ముంచి ఉంచే కొసలు కత్తిరిస్తాను, లోపలికి గాలి పోకుండా. రెండు రోజులకి పువ్వు వాలితే ఇంకాస్త పొట్టి చేసి, మళ్లీ గుచ్చుతాను. కోణమానిని మనవడికి తిరిగి ఇచ్చేశాను.

మీకు ఒక చిన్న మనవి. వ్యాసంతో వేసిన ఫొటోలు నాలుగూ ఎదురుగా నిలబడి తీసినవే. ఈసారి వేస్తే ఒక్కటైనా పక్కనుంచి తీసింది వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, యోకొహామా