అండమాన్‌కు ఒక్క కేబుల్ చాలదు

ఎడిటర్ గారికి,

ఒడిశాలోని పారాదీప్ నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున కరెంటు కేబుల్ వేయాలన్న ప్రతిపాదన ఉంది. దూరం సుమారు 1150 కిలోమీటర్లు, సామర్థ్యం 250 మెగావాట్లు. మా శ్రీకాకుళం, విశాఖ వైపు చాలా కుటుంబాల వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో స్థిరపడ్డారు కాబట్టి ఇది మాకు ఇంటి విషయమే.

కేబుల్ రావాలి, అందులో రెండో మాట లేదు. ఈరోజుకీ అక్కడి కరెంటులో ఎక్కువ భాగం ఓడల మీద తెచ్చిన డీజిల్‌ను జనరేటర్లలో కాల్చి తీస్తున్నదే. ఉత్తరాన కల్‌పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్ కేంద్రం, కొంత సోలార్ ఉన్నాయి గానీ అవి చాలవు.

నా టెన్షన్ అంతా కేబుల్ వచ్చాక ఏమవుతుందన్నదే. ఇక కరెంటుకు లోటు లేదని జనరేటర్లను మూలన పడేస్తే జాంజిబార్‌కు పట్టిన గతే పడుతుంది. టాంజానియా పక్కనే ఉన్న ఆ దీవికి 1980లో ఒక కేబుల్ వేశారు, సామర్థ్యం సుమారు 45 మెగావాట్లు. తర్వాత హోటళ్లు పెరిగాయి, ఊళ్లు పెరిగాయి, వాడకం ఆ కేబుల్ మోయగలిగినంతకు చేరింది, కేబుల్ మాత్రం అదే. 2008లో దాదాపు నెల రోజులు దీవికి కరెంటు లేదు. అప్పటికీ మేల్కోలేదు. 2009 డిసెంబర్‌లో మళ్లీ పోయిన కరెంటు 2010 మార్చిలో గానీ రాలేదు, అంటే మూడు నెలలు! పంపులు ఆగిపోయి జనం నీళ్ల కోసం బిందెలు పట్టుకుని తిరిగారు, జనరేటర్ కొనుక్కోగలిగిన హోటళ్లు నడిచాయి, చిన్న దుకాణాలు మూతపడ్డాయి. 100 మెగావాట్ల కొత్త కేబుల్ అమెరికా సాయంతో 2013లో వచ్చింది. అక్కడ తీరం నుంచి దీవికి దూరం నలభై కిలోమీటర్లు కూడా లేదు, మనది వెయ్యి దాటుతోంది, పైగా లోతైన బంగాళాఖాతం. తుఫాన్ల కాలంలో తెగితే రిపేరు ఓడ సముద్రంలోకి వెళ్లాలన్నా వాతావరణం కుదుటపడేదాకా ఆగాల్సిందే. 2004 భూకంపం, సునామీ వచ్చింది కూడా ఈ ప్రాంతంలోనే కదా.

చెన్నై నుంచి 2020లో ఇంటర్నెట్ కేబుల్ వేశాం, ఇదీ అలాంటిదే అనేవాళ్లున్నారు. కాదండీ. ఇంటర్నెట్ కేబుల్ తెగితే శాటిలైట్‌తో ఎలాగోలా నెట్టుకురావచ్చు, కరెంటుకు ఆ వీలు లేదు.

దక్షిణ కొరియా వాళ్లు జెజు దీవికి 1998లో మొదటి లైన్ వేశారు. అది చాలదని పదిహేనేళ్లకు వేరే తీరం నుంచి రెండోది వేశారు, ఆ తర్వాత మూడోది కూడా చేపట్టారు. దీవిలో గాలిమరల కరెంటు మిగిలినప్పుడు వెనక్కి పంపుకోవడానికి కూడా ఈ లైన్లు పనికొస్తున్నాయి. మనమూ మొదటి రోజు నుంచే రెండు వైపులా కరెంటు పంపగలిగేలా కట్టుకుంటే అండమాన్‌లో సోలార్ పెంచుకోవడానికి దారి ఉంటుంది.

కాబట్టి టెండర్ పిలవకముందే రెండో లైన్ ఎప్పుడు, ఎక్కడి నుంచి అన్నది కాగితం మీద ఉండాలి. ఒకే దారిలో పక్కపక్కనే రెండు వేసి రెండున్నాయి అంటే కుదరదు, ఒక్క ఓడ లంగరు రెండింటినీ లాక్కుపోగలదు. రెండోది విశాఖ నుంచి వేసే విషయం కూడా పరిశీలించాలి, దూరంలో పెద్ద తేడా ఉండదు, అక్కడికి ఓడలు ఇక్కడి నుంచి ఎప్పటినుంచో నడుస్తున్నాయి. ఆసుపత్రులు, నీటి సరఫరా నడవడానికి సరిపడా జనరేటర్లు, వాటికి డీజిల్ నిల్వ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. విడి కేబుల్, జాయింట్ల సామాను ముందే కొని పెట్టుకోవాలి, రిపేరు ఓడ కోసం ఏదైనా కంపెనీతో ముందే ఒప్పందం చేసుకోవాలి. వీటి ఖర్చు మొదటి అంచనాలోనే చేర్చండి. తర్వాత చూద్దాం అని వదిలేస్తే ఆ డబ్బు మళ్లీ మంజూరవడానికి ఏళ్లు పడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం