జిమ్ మానకు చిట్టీ

విజయనగరం

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా నానమ్మా బాగున్నాం. రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "మూడు నెలలు బరువులెత్తితే రెండు కేజీలే తగ్గానమ్మా. మా టీమ్‌లో అమ్మాయి జ్యూసులు తాగి ఎనిమిది కేజీలు తగ్గింది. నేనూ జిమ్ మానేసి అదే చేస్తా" అన్నావు. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో నీకు ఇంకో కాల్ వచ్చేస్తుంది. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు లెక్క చూద్దాం. బరువు తగ్గించేది ప్రధానంగా తిండే. గంటసేపు జిమ్‌లో ఉన్నా, సెట్‌కీ సెట్‌కీ నడుమ, అంటే ఎత్తే విడతల మధ్య, కూర్చునే సమయం పోను, ఖర్చయ్యేది రెండు మూడు వందల కేలరీలు. ఆ రాత్రి ఒక కప్పు అన్నం ఎక్కువ తిని, పైన చెంచాడు నెయ్యి వేసుకుంటే అదంతా తిరిగొచ్చేస్తుంది. కేజీ కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి మరి. "కండ పెరిగితే నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది" అని మీ ట్రైనర్ చెప్పాడన్నావు కదా, అందులో నిజం పిసరంతే. కేజీ కండ ఊరికే ఉన్నప్పుడు రోజుకి ఖర్చుచేసేది 13 కేలరీలు, కేజీ కొవ్వు నాలుగైదు. నువ్వు కష్టపడి రెండు కేజీల కండ పెంచుకున్నావే అనుకో, రోజుకి అర ఇడ్లీ పాటి. ఇలాంటి మాటలు నమ్మి వెళ్ళినవాళ్ళే మూడో నెలలో విసుగొచ్చి మానేస్తారు.

మరి బరువులెందుకు ఎత్తమంటున్నానంటే, తిండి తగ్గించినప్పుడు ఒంట్లోంచి పోయేదంతా కొవ్వు కాదు. ఉత్త తిండి తగ్గించి పది కేజీలు తగ్గిన మనిషికి సుమారు ఏడున్నర కేజీలు కొవ్వు పోతే, మిగతా రెండున్నర కండ, దానితోపాటు ఉండే నీరు. జ్యూసుల మీద బతికితే ప్రొటీన్ అందదు కాబట్టి ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. మొదటి వారంలో గబగబా దిగిన కేజీలు చాలావరకు నీళ్ళే. కండల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతూ తనతో ఉన్న నీటిని తీసుకుపోతుంది. మీ టీమ్ అమ్మాయి మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టిన నాడు ఆ నీరు తిరిగొస్తుంది. పోయిన కండ మాత్రం దానంతటది రాదు. రెండు మూడు సార్లు ఇలా తగ్గి, పెరిగి, తగ్గి, పెరిగితే అదే బరువు దగ్గర కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉన్న ఒళ్ళు మిగులుతుంది. జుట్టు రాలడం, నెలసరి తప్పడం సరేసరి.

తిండి కొంచెం తగ్గిస్తూ, దానితోపాటు బరువులెత్తితే ఈ కండని ఒళ్ళు వదులుకోదు. వాడుతున్నదాన్ని నిలబెట్టుకుంటుంది, కొవ్వునే ఎక్కువగా కరిగించుకుంటుంది. నీలాగా కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకైతే ఒకపక్క కొవ్వు తగ్గుతూ ఇంకోపక్క కండ పెరగడం కూడా మామూలే. నీ విషయంలో జరిగింది అదే. బరువు చూసే మిషన్ మీద 68 కేజీల నుంచి 66కి వచ్చావు. కానీ నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్ల నుంచి 86కి దిగిందని నువ్వే చెప్పావు, పైగా అదేదో పెద్ద విషయం కానట్టు. చిట్టీ, అదే పెద్ద విషయం! మన భారతీయ ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదని డాక్టర్లు గీత గీశారు, మగవాళ్ళకి 90. నువ్వు ఆ గీతకి సగం దూరం వచ్చేశావు. ఇప్పుడు మానేస్తానంటే నాకు ప్రాణం ఉసూరుమనదా?

మనవాళ్ళ ఒంటి తీరు గురించి కూడా చెప్పాలి. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ అని మధుమేహం మీద పనిచేసే పెద్ద డాక్టరున్నారు. ఆయనా, లండన్‌లో జాన్ యుడ్కిన్ అనే ఇంకో డాక్టరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. స్కాన్ చేసి చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగానే ఉంటాం, లోపల కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. మన ఇళ్ళల్లో బక్కపల్చగా ఉన్నవాళ్ళకి కూడా నలభై దాటగానే షుగర్ రావడానికి ఇదొక కారణం. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరని పీల్చుకోవడంలో పెద్ద చెయ్యి కండలదే. అవి తక్కువైతే ఆ చక్కెరకి పోయే చోటు తగ్గుతుంది. మీ తాతయ్యకి షుగర్, నాన్నకి ఇప్పుడు గీత మీద ఉంది. నీకు కండ కావాలి అని నేనన్నప్పుడల్లా నా మనసులో ఉండేది ఇదే, పెళ్ళి ఫోటోలు కాదు.

క్లినిక్‌లో నేను రోజూ చేసే పరీక్ష ఒకటి చెబుతాను. చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకోమంటాను. ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతాను. అరవై దాటినవాళ్ళు కొందరు మొదటిసారే ముందుకు ఊగి, మళ్ళీ ఊగి, లేవలేక నా మొహంలోకి చూస్తారు. వాళ్ళలో లావుగా ఉన్నవాళ్ళెంతమందో సన్నగా ఉన్నవాళ్ళూ అంతమంది. తొడల్లో కండ కరిగిపోయింది, అంతే. బాత్‌రూమ్‌లో పీట మీంచి లేవలేక, ఎవరినీ పిలవడానికి మొహమాటపడి, నీళ్ళు తాగడం తగ్గించేసిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడకి నేను నేర్పింది నువ్వు చేసే స్క్వాటే, అంటే మోకాళ్ళు వంచి కూర్చుని లేవడమే. కుర్చీ మీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచి మొదలుపెట్టాం, తర్వాత ఒక్కో దిండూ తీసేశాం. ఇప్పుడు చేతిలో రెండు కేజీల గోధుమపిండి ప్యాకెట్ పట్టుకుని లేస్తున్నారు.

వయసు మీద పడ్డాక ఇంకేం చేస్తాంలే అనేవాళ్ళకి నేను బోస్టన్ సంగతి చెబుతుంటాను. 1990లో అక్కడి వృద్ధాశ్రమంలో సగటున తొంభై ఏళ్ళున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో సాధ్యమైంది నీకు ఇరవై తొమ్మిదిలో ఎంత సుళువో ఆలోచించు. ఎముక గట్టిపడేది కూడా ముప్ఫై దాకానే. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే, నెలసరి ఆగిపోయాక మరీ వేగంగా పలచబడుతుంది. ఎముక మీద బరువు పడితేనే అది నిలుస్తుంది. కాబట్టి ఇప్పుడు నువ్వు ఎత్తే ప్రతి కేజీ నీకు అరవయ్యో ఏట అక్కరకొస్తుంది.

పెద్దత్త అన్న మాటలు నీ మనసులో ఉన్నాయని నాకు తెలుసు. ఆడపిల్లకి బరువులేమిటి, మగరాయుడిలా తయారవుతావు, గర్భసంచి జారుతుంది అంది. ఆవిడ మంచికే అంది, కానీ అది నిజం కాదు. మగవాళ్ళలా కండలు రావాలంటే కావలసిన టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ మనలో చాలా తక్కువ. వారానికి మూడు రోజులు చేసే నీకు వచ్చేది బిగువు, నిటారుగా నిలబడే వీపు. గర్భసంచి భయం అంతకన్నా ఎక్కువ వింటుంటాను. ఆరోగ్యంగా ఉన్న అమ్మాయి మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ, లేచేటప్పుడు ఊపిరి వదులుతూ చేస్తే ఆ భయం అక్కర్లేదు. కొత్తగా కాన్పైనవాళ్ళు, ఇప్పటికే జారిన ఇబ్బంది ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌కి చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

అయినా ఈ మాట మన జిల్లాల్లో అనడమేమిటి? ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కేజీల విభాగంలో ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్ 110 కేజీలు, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ 130 కేజీలు, మొత్తం 240 కేజీలు ఎత్తింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ మన ఉత్తరాంధ్ర పిల్ల, గెలిచింది బరువులెత్తే! మన నెల్లిమర్ల పక్కనున్న కొండవెలగాడలో ఆడపిల్లలు రాడ్ పట్టుకోవడం ఎవరికీ వింత కాదు. మత్స సంతోషి ఆ ఊరి నుంచే వెళ్ళి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. సంక్రాంతికి సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు చూస్తూ పెరిగినదానివి నువ్వు. నాకు నువ్వు పతకాలు తేనక్కర్లేదు. గ్యాస్ బండ ఎవరి సాయం లేకుండా జరుపుకుంటే చాలు.

నువ్వు పంపిన డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ని పట్టుకుని నిలబడడం) వీడియో నాలుగైదుసార్లు చూశాను. మొదటి సెట్ ముచ్చటగా ఉంది. మూడో సెట్‌లో రాడ్ నీ పిక్కల నుంచి బెత్తెడు ముందుకు జరిగిపోతోంది. అప్పుడు బరువంతా నడుము మీద పడుతుంది. ఎత్తేముందు రాడ్ నీ షూ లేసుల మీదకి రావాలి, ముంగాలి ఎముకకి దాదాపు రాసుకుంటూ పైకి వెళ్ళాలి. వీపు గుండ్రంగా వంగనివ్వకు. చంకల్లో ఏదో నొక్కిపట్టుకున్నట్టు భుజాలు బిగించు. నేలని పాదాలతో కిందికి తోస్తున్నానని అనుకో, రాడ్‌ని లాగుతున్నానని అనుకోకు. 40 కేజీల దగ్గర వీపు వంగుతుంటే 35కి దిగు, సిగ్గేం లేదు. ఎనిమిదిసార్లు ఎత్తాక, ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించేలా ఉంటే ఆ బరువు సరైనది. పదిహేనుసార్లు ఆడుతూపాడుతూ ఎత్తగలుగుతుంటే అది తక్కువ, పెంచాలి. ఒకే గులాబీ డంబెల్‌ని ఏడాదంతా ఊపితే కండకి కొత్తగా పనేం ఉండదు. సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు కూర్చో, ఆ సమయం వృథా అనుకోకు. మర్నాడు తొడలు పట్టేస్తే కంగారుపడకు, రెండు రోజుల్లో పోతుంది. కీలు లోపల పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేసి నాకు ఫోన్ చెయ్యి.

వారానికి మూడు రోజులు చాలు, రెండు కుదిరినా సరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళకి వారానికి కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పమంది. దానితోపాటు వారానికి 150 నుంచి 300 నిమిషాలు వేగంగా నడవమంది. నడక మానమని నేననడం లేదు, గుండెకి అదే కావాలి. నడక ఒక్కటే సరిపోదంటున్నాను.

ఇక తిండి. రోజూ తినేదాంట్లో నాలుగైదు వందల కేలరీలు తగ్గించు, అంతకు మించి వద్దు. రాత్రి పూట ఆర్డర్లు ఆపి, అన్నం ఒక గరిటె తగ్గిస్తే చాలావరకు అయిపోతుంది. తగ్గకూడనిది ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కేజీ బరువుకి 0.83 గ్రాములు కావాలని లెక్క చెప్పింది. బరువులెత్తుతూ తగ్గేవాళ్ళకి 1.2 నుంచి 1.6 గ్రాములు మంచిది, అంటే నీకు రోజుకి 80 గ్రాములు పెట్టుకో. పొద్దున రెండు గుడ్లు, గ్లాసుడు పాలు. మధ్యాహ్నం గట్టి పప్పు కప్పు నిండా, పెరుగు కప్పు. సాయంత్రం గుప్పెడు నానబెట్టి ఉడికించిన శనగలు. రాత్రి అరచెయ్యంత చికెన్ ముక్కో చేపో. అన్నం, చపాతీల్లో ఉన్నదీ కలుపుకుంటే 80 దగ్గరికి వచ్చేస్తావు. శనివారాలు మాంసం తినవు కాబట్టి ఆ రోజు మీల్‌మేకర్ కూర చేసుకో, ఎండువి 50 గ్రాములు వేస్తే 25 గ్రాముల ప్రొటీన్. మీ జిమ్‌లో అమ్మే డబ్బా పొడి నీకు అక్కర్లేదు. తార్నాక వాళ్ళు 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ఆ పొడుల జోలికి పోవద్దనే చెప్పారు. చారన్నం, ఆవకాయ, వేపుడుతో గడిపే రోజులు నీకు ఎక్కువ. పప్పు లేని ఆ భోజనాలే నీ కండకి శత్రువులు.

మిషన్ ఎక్కడం వారానికి ఒక్కసారి పెట్టుకో, పొద్దున్నే, ఏమీ తినకముందు. నెలసరి ముందు రోజుల్లో అసలు ఎక్కకు, నీరు పట్టి కేజీ ఎక్కువ చూపిస్తుంది. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కుని నువ్వు ఏ రోజు ఎంత ఎత్తావో రాసుకో. పదిహేను రోజులకోసారి టేపు పెట్టి, బొడ్డు పైన, ఊపిరి వదిలాక కొలుచుకో. ఈ రెండూ సరైన దారిలో ఉంటే మిషన్ ఏం చెప్పినా పట్టించుకోకు.

నువ్వు పొద్దున్నే లేచి, జడ పైకి ముడేసుకుని, అంతమంది మగపిల్లల మధ్య ఆ రాడ్ దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో నీకు చెప్పలేదు. నాన్న కూడా ఆ వీడియో వాళ్ళ ఆఫీసులో అందరికీ చూపించారు.

ఈ శనివారం లోపల హిమోగ్లోబిన్, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించి రిపోర్టులు పంపు. స్క్వాట్ వీడియో ఈసారి పక్కనుంచి తీయించు. ముందునుంచి తీస్తే నడుము ఎక్కడ వంగుతోందో నాకు కనబడదు.

అమ్మ